కాపీ మధ్యలో ఆగిపోతే: పాడైంది కాపీయా, అసలు ఫైలా?

కెమెరా కార్డు నుంచి పెళ్లి ఫొటోలు, వీడియోలు కంప్యూటర్‌లోకి కాపీ పెట్టారు. సగంలో కరెంటు పోయింది, లేదా కార్డ్ రీడర్ కేబుల్ కదిలింది, లేదా విండోస్ ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లు ఉన్నాయి, పేర్లు సరిగానే ఉన్నాయి, సైజులు కూడా ఉన్నాయి. తెరిచి చూస్తే మాత్రం కొన్ని ఫొటోలు సగం దాకా వచ్చి కింద అంతా బూడిద రంగు, కొన్ని అసలు తెరుచుకోవు, వీడియోలు ఏ ప్లేయర్‌లోనూ ఆడవు.

ఇక్కడ టెన్షన్‌లో చాలామంది చేసే పని నెట్‌లో దొరికిన ఏదో ఒక రిపేర్ సాఫ్ట్‌వేర్ దించుకుని ఆ ఫైళ్ల మీద నడిపించడం. దయచేసి అది ఇప్పుడే చేయకండి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, పాడైంది మీ కంప్యూటర్‌లోకి వచ్చిన కాపీయా, లేక కార్డులో ఉన్న అసలు ఫైలా? కాపీ మాత్రమే పాడై అసలు బాగుంటే రిపేర్ అనే మాటే అక్కర్లేదు, మళ్లీ కాపీ చేసుకుంటే సరిపోతుంది. అసలే పాడైతే దారి వేరు. కాపీ కాకుండా కట్ పేస్ట్ చేసి ఉంటే ఇంకో దారి. ఈ మూడింటిని కలిపేసి చూడటం వల్లే, చేతిలో ఉన్న ఫైళ్లు కూడా పోగొట్టుకుంటున్నారు.

కాబట్టి మొట్టమొదట కార్డు మీద ఇంకేమీ రాయకుండా చూడండి. పెద్ద ఎస్‌డీ కార్డుకి పక్కన చిన్న లాక్ బటన్ ఉంటుంది, దాన్ని కిందికి జరపండి. మైక్రో ఎస్‌డీకి ఆ బటన్ ఉండదు కానీ దాన్ని పెట్టే అడాప్టర్‌కి ఉంటుంది. ఆ కార్డుతో కొత్త ఫొటోలు తీయొద్దు. ఉందో లేదో చూద్దామని ఫోన్‌లో పెట్టొద్దు, ఆండ్రాయిడ్ కార్డు చూడగానే తన ఫోల్డర్లు అందులో సృష్టించుకుంటుంది, అదీ రాయడమే. విండోస్ 'ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి, 'స్కాన్ చేసి సరిచేయమంటారా' అని అడిగినా ఇప్పటికి వద్దనండి. ఆ తర్వాత వీలైతే వేరే రీడర్‌లో, వేరే కంప్యూటర్‌లో పెట్టి, పాడైందనుకున్న అదే ఫైలును కార్డు నుంచే నేరుగా తెరవండి. కెమెరా స్క్రీన్ మీద బాగా కనిపించిందని నమ్మడం సరిపోదు. ఫొటో ఫైల్లోనే చిన్న ప్రివ్యూ బొమ్మ విడిగా దాచి ఉంటుంది, కెమెరా చాలాసార్లు దాన్నే చూపిస్తుంది. కంప్యూటర్ ఫోల్డర్‌లో కనిపించే థంబ్‌నెయిల్ సంగతీ అంతే. బొమ్మ పూర్తిగా తెరిచి, జూమ్ చేసి కింది అంచు దాకా చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం, సైజు సరిగ్గా ఉన్న ఫైలు లోపల ఎలా పాడవుతుంది? మనం కాపీ అనే పనిలో నిజానికి విడివిడి అడుగులు చాలా ఉన్నాయి. కొత్త చోట ఫైలు పేరు నమోదు చేయాలి, దానికి చోటు కేటాయించాలి, పాత ఫైలు నుంచి ముక్క ముక్కగా చదవాలి, ఆ ముక్కలు రాయాలి, చివర్లో తేదీలు వగైరా సరిచేయాలి. విండోస్ చాలా సందర్భాల్లో మొత్తం సైజుకు చోటు ముందే పట్టేసి తర్వాత డేటా నింపుతుంది. 2 జీబీ వీడియోలో 300 ఎంబీ రాసేసరికి కరెంటు పోయినా ఫైలు సైజు 2 జీబీ అనే కనిపించవచ్చు. మీరే క్యాన్సిల్ నొక్కి ఉంటే విండోస్ ఆ అరకొర ఫైలును తనే తుడిచేసేది. కరెంటు పోయినప్పుడు ఆ అవకాశం దానికి లేదు.

మిగతా 1.7 జీబీలో ఏముంటుంది? అది డ్రైవ్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో లెక్క పెట్టుకునే ఏర్పాటును బట్టి ఉంటుంది. మీ డ్రైవ్‌లో ఉన్నది విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే, రాయని భాగం ఎక్కడ మొదలవుతుందో ఆ ఫైల్ సిస్టమ్ గుర్తు పెట్టుకుంటుంది, అక్కడి నుంచి చదివితే సున్నాలే ఇస్తుంది. పాత ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్ అయితే ఆ లెక్క లేదు, అంతకుముందు ఆ చోట ఉన్న ఏ పాత ఫైలు ముక్కలో బయటపడొచ్చు. అందుకే ఒక్కోసారి ఒక వీడియో ఫైల్లో ఇంకేదో ఫైలు డేటా కనిపిస్తుంది, వైరస్ వచ్చిందని భయపడతారు. వైరస్ కాదు, ఎప్పుడో తుడిచిన ఫైలు తాలూకు మిగులు.

సున్నాలు నిండిన ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. అందులో బాగుచేయడానికి ఏమీ లేదు కాబట్టి. డబ్బు కట్టమనే రిపేర్ ప్రోగ్రామ్‌ల దగ్గరికి వెళ్లే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి: ఆ ఫైలును జిప్ చేసి చూడండి. ఫొటోలు, వీడియోలు పుట్టుకతోనే కుదించిన ఫైళ్లు, జిప్ చేస్తే దాదాపు తగ్గవు. 100 ఎంబీ వీడియో జిప్ చేస్తే వంద కేబీ చిల్లరకు దిగిపోయిందంటే లోపల ఉన్నది సున్నాలే. సగానికి తగ్గితే సగం సున్నాలు, సగం అసలు డేటా అనుకోవచ్చు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, పైగా ఫైలును ముట్టుకోదు.

'నాది నూరు శాతం అయ్యాకే కరెంటు పోయింది, అయినా పాడైంది' అనే వాళ్లు కూడా ఉంటారు, వాళ్లు చెప్పేది నిజమే. ప్రోగ్రెస్ బార్ నిండటం అంటే డేటా డిస్క్ మీదకు చేరిందని కాదు. రాయాల్సిన డేటాను సిస్టమ్ ముందు ర్యామ్‌లో పెట్టుకుని, తీరిక చూసుకుని డిస్క్ మీదకు దించుతుంది. లినక్స్ వాడేవాళ్లకు ఇది కళ్లకు కడుతుంది: పెన్‌డ్రైవ్‌కి పెద్ద వీడియో కాపీ పెడితే బార్ చకచకా నిండిపోతుంది, ఎజెక్ట్ కొడితే మాత్రం నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అసలు రాత జరిగేది అప్పుడు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి యూఎస్‌బీ డ్రైవ్‌లకు ఈ ఆలస్యపు రాతను మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు, కానీ కంప్యూటర్ లోపలి డిస్క్‌కి అది అలాగే ఉంది. కాబట్టి కార్డు నుంచి సి డ్రైవ్‌లోకి కాపీ అయిన మరుక్షణం కరెంటు పోతే చివరి ఫైళ్లు ర్యామ్‌తో పాటే పోవచ్చు.

దీనికి తోడు ఇంకో అపోహ. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉంది కదా, కరెంటు పోయినా ఏమీ కాదు అంటారు. ఆ జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ తాలూకు లెక్కలను, అంటే పేర్లు, ఎక్కడెక్కడ ఏ ఫైలు ఉంది, ఎంత చోటు పట్టింది అనే వాటిని. ఫైలు లోపలి డేటాను కాదు. చెక్‌డిస్క్ (డ్రైవ్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు) నడిపి 'ఏ సమస్యా లేదు' అని వచ్చినా ఫొటోలు తెరుచుకోకపోవడం ఇందుకే. కెమెరా కార్డుల్లో వాడే ఎక్స్‌ఫ్యాట్‌కి, ఎఫ్‌ఏటీ32కి ఆ జర్నల్ కూడా లేదు.

మన ఇళ్లల్లో ఇన్వర్టర్ ఉంది కదా అని డెస్క్‌టాప్ మీద ధైర్యంగా పెద్ద కాపీలు పెట్టేవాళ్లు ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసుకోండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు పట్టే ఆ కాస్త వ్యవధి ఫ్యాన్‌కి లెక్క కాదు, డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవడానికి సరిపోతుంది.

సరే, పాడైన ఫైలును చూసి ఏం జరిగిందో చెప్పొచ్చా? చాలావరకు చెప్పొచ్చు. ఇది నాకు ఈ విషయం మొత్తంలో బాగా పనికొచ్చే సంగతి అనిపిస్తుంది. జేపెగ్ ఫొటో పైనుంచి కిందికి చిన్న చిన్న గడులుగా రాసి ఉంటుంది, ఒక్కో గడి రంగు దాని ముందు గడితో తేడాగా రాస్తారు. ఫొటో పైభాగం చక్కగా ఉండి కింద బూడిద రంగు వచ్చిందంటే డేటా అక్కడితో ఆగిపోయింది, అంటే కాపీ మధ్యలో తెగింది. అలా కాకుండా ఒక గీత దగ్గర నుంచి బొమ్మ పక్కకు జరిగిపోయి రంగులన్నీ గులాబీ, ఆకుపచ్చగా మారితే డేటా ఆగలేదు, మధ్యలో కొన్ని బిట్లు మారాయి. ఆ ఒక్క చోట తప్పు వల్ల తర్వాతి గడులన్నీ తప్పు లెక్కతో వచ్చాయి. మొదటిది కరెంటు, కేబుల్ తరహా గొడవ. రెండోది కార్డు, రీడర్ లేదా ర్యామ్ లోపం అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేస్తే దోషి ఎవరో ఇంకా తేలుతుంది. అదే ఫైలును కార్డు నుంచి రెండు మూడు సార్లు వేర్వేరు పేర్లతో కాపీ చేయండి. ప్రతిసారీ కార్డు బయటకు తీసి మళ్లీ పెట్టండి, లేదంటే రెండోసారి కార్డు నుంచి కాకుండా ర్యామ్‌లో మిగిలిన దాన్నే ఇచ్చేస్తుంది. అన్ని కాపీలూ ఒకే చోట పాడైతే తప్పు కార్డులోని ఫైలుదే. ఒక్కోసారి ఒక్కో చోట పాడైతే, లేదా ఒకటి బాగా వచ్చి ఇంకొకటి పాడైతే, ఫైలు క్షేమంగానే ఉంది, దారిలో ఏదో చెడుతోంది. యూఎస్‌బీ తన ద్వారా వెళ్లే ప్రతి ప్యాకెట్‌నూ సరిచూసుకుని తప్పొస్తే మళ్లీ పంపమంటుంది, అందుకని పాడైన కేబుల్ వల్ల సాధారణంగా వేగం తగ్గుతుంది లేదా డ్రైవ్ ఊడిపోతుంది కానీ డేటా చడీచప్పుడు లేకుండా మారడం అరుదు. అలా మారుతోందంటే రీడర్‌నూ ర్యామ్‌నూ అనుమానించాలి. రీడర్ మార్చి చూడండి, అప్పటికీ అంతే అయితే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. ర్యామ్ చెడిన కంప్యూటర్‌లో ఎన్నిసార్లు కాపీ చేసినా ఫలితం ఉండదు, పైగా అప్పటికే ఉన్న మంచి ఫైళ్లు సేవ్ చేసినప్పుడల్లా పాడయ్యే ప్రమాదం ఉంది.

వీడియోల కథ వేరు. ఎంపీ4లో బొమ్మ, శబ్దం ఒక పెద్ద ముద్దగా ఉంటాయి, ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడుగు అనే పట్టిక విడిగా ఉంటుంది, దాన్ని మూవ్ ఆటమ్ అంటారు. రికార్డింగ్ ఆపేదాకా మొత్తం ఎంతో కెమెరాకి తెలియదు కాబట్టి చాలా కెమెరాలు ఆ పట్టికను చివర్లో రాస్తాయి. విషయసూచిక చివరి పేజీలో ఉన్న పుస్తకం లాంటిది, ఆ ఒక్క పేజీ చిరిగితే ఏ అధ్యాయం ఎక్కడుందో తెలియదు. అందుకే 99 శాతం కాపీ అయిన వీడియో కూడా 99 శాతం ఆడదు, అసలే ఆడదు. ఇలాంటి వాటికి అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అదే కెమెరాతో అవే సెట్టింగుల్లో తీసిన ఇంకో మంచి వీడియోను దానికి నమూనాగా ఇస్తే, దాన్ని చూసి పోయిన పట్టికను మళ్లీ కట్టే ప్రయత్నం చేస్తుంది. షూటింగ్ మధ్యలో కెమెరా బ్యాటరీ అయిపోయి ఆగిన వీడియోలకూ ఇదే మందు. నమూనా వీడియో తప్పనిసరి కాబట్టి అదే రోజు తీసిన చిన్న క్లిప్పులను పనికిరానివని తీసేయకండి.

జిప్ ఫైళ్లకూ విషయసూచిక చివర్లోనే ఉంటుంది. వర్డ్ డాక్స్ ఫైలు, ఎక్సెల్ షీట్ లోపల ఉన్నది జిప్పే, కాబట్టి తోక తెగిన డాక్స్ తెరుచుకోదు. వర్డ్‌లో ఓపెన్ బటన్ పక్కన బాణం నొక్కితే వచ్చే 'ఓపెన్ అండ్ రిపేర్' ప్రయత్నించండి. పీడీఎఫ్ పట్టిక కూడా చివర్లోనే, కాకపోతే పీడీఎఫ్ రీడర్లు అది లేకపోయినా వెతుక్కుని తెరవగలుగుతాయి. ఫొటోగ్రాఫర్ల రా ఫైళ్లలో (కెమెరా సెన్సర్ డేటా ఉన్నదున్నట్టు ఉండేవి) ఒక మంచి సంగతి ఉంది, కానన్ సీఆర్2, నికాన్ ఎన్‌ఈఎఫ్ లాంటి వాటిలో పూర్తి సైజు జేపెగ్ ప్రివ్యూ లోపలే ఉంటుంది. రా డేటా పోయినా ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ జేపెగ్ బయటకు తీయొచ్చు. ఆల్బమ్‌కి అది చాలు.

అసలు పాడవకుండానే పాడైనట్టు కనిపించేవి కూడా ఉన్నాయి, వీటి మీద రిపేర్ సాఫ్ట్‌వేర్ నడిపితే ఉన్నది చెడుతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు నిక్షేపంగా ఉంది, ఫాంటు లేదు, అంతే. ఐఫోన్ ఫొటోలు విండోస్‌లో తెరుచుకోకపోతే అవి హీక్ ఫార్మాట్‌లో ఉన్నాయేమో చూడండి, దానికి ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. ఐఫోన్ నుంచి కాపీ చేస్తుంటే మధ్యలో 'సిస్టమ్‌కు తగిలించిన పరికరం పనిచేయడం లేదు' అని ఆగిపోతే, ఫోన్ సెట్టింగుల్లో ఫొటోస్‌లోకి వెళ్లి, మ్యాక్ లేదా పీసీకి పంపే చోట 'కీప్ ఒరిజినల్స్' పెట్టండి. ఫోన్ ఒక్కో ఫొటోను జేపెగ్‌గా మార్చి పంపబోయి తడబడటం వల్ల వచ్చే గొడవ అది, కేబుల్ మార్చినా పోదు. 4 జీబీ దాటిన ఒకే వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే అది ఎఫ్‌ఏటీ32 పరిమితి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పోతుంది, లోపల ఏమైనా ఉంటే ముందు తీసి పెట్టుకున్నాకే సుమా.

'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని డేటా ఎర్రర్ వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మూలం డిస్క్ లేదా కార్డులో ఆ చోటు చదవడం కావట్లేదని అది చెబుతోంది. అక్కడ మళ్లీ మళ్లీ ట్రై ఎగైన్ నొక్కితే చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను ఇంకా అలిసేలా చేసినట్టే. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అని ఒక పనిముట్టు ఉంది, అది ముందు బాగా చదవగలిగిన భాగాలన్నీ ఒక ఇమేజ్ ఫైల్లోకి (డిస్క్ మొత్తానికి నకలు లాంటి ఒకే ఫైలు) తీసుకుని, చెడిన చోట్లకు చివర్లో వస్తుంది. ఎంతవరకు అయిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత రికవరీ పనులన్నీ ఆ ఇమేజ్ మీద చేయాలి, అసలు డిస్క్ మీద కాదు. హార్డ్ డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తుంటే ఇది కూడా చేయకండి, పవర్ తీసేసి రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

కట్ పేస్ట్ చేసినవాళ్ల పరిస్థితి అన్నిటికంటే చిక్కు. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి కట్ పేస్ట్ అంటే లోపల జరిగేది కాపీ చేసి తర్వాత అసలు తీసేయడం. కొత్త కాపీ ఇంకా ర్యామ్‌లో ఉండగానే కార్డులో అసలు డిలీట్ అయిపోయి, అప్పుడే కరెంటు పోతే రెండు చోట్లా లేకుండా పోతుంది. అయినా ఆశ ఉంది. కార్డులో డిలీట్ అంటే పేరు కొట్టేయడం, చోటు ఖాళీ అని రాయడమే, డేటా అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకేదైనా రాసేదాకా. క్విక్ ఫార్మాట్ కొట్టినా చాలా కార్డుల్లో ఇంతే. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ పేర్లతో పని లేకుండా, జేపెగ్ ఇలా మొదలవుతుంది, ఎంపీ4 ఇలా మొదలవుతుంది అని గుర్తులు చూసి డేటాను ఏరుకుంటుంది. పాత పేర్లు రావు, ముక్కలుగా చెదిరిన పెద్ద వీడియోలు సరిగా రాకపోవచ్చు, ఫొటోలు మాత్రం బాగానే వస్తాయి. దొరికినవి అదే కార్డులోకి కాకుండా కంప్యూటర్‌లోకి సేవ్ చేయండి. మూలం ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ బాగా తక్కువ, డిలీట్ అవగానే ట్రిమ్ అనే ఆదేశంతో ఆ చోటు నిజంగానే ఖాళీ అయిపోతుంది.

విండోస్ 'స్కాన్ చేసి సరిచేయమంటారా' అంటే మొదట్లో వద్దనమన్నాను కదా, అది నడిపేది చెక్‌డిస్క్‌నే, దాన్ని చివరికి పెట్టమనడానికి కారణం ఇది. అది మీ ఫైళ్ల కోసం కాదు, డ్రైవ్ లెక్కలు పొందిగ్గా ఉండటం కోసం పనిచేస్తుంది. లెక్క కుదరని ముక్కలను ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లుగా పడేస్తుంది, కొన్నిటిని ఖాళీ చోటుగా రాసేస్తుంది. ఇమేజ్ తీసుకున్నాక నడపండి, ముందు వద్దు.

అసలు బాగుందని తేలి మళ్లీ కాపీ చేసేటప్పుడు ఒక్క పొరపాటు జరగకుండా చూసుకోండి. పాత ఫోల్డర్‌లోకే కాపీ పెడితే అవే పేర్లున్న ఫైళ్లు ఉన్నాయని విండోస్ అడుగుతుంది. స్కిప్ నొక్కితే పాడైనవి అలాగే ఉండిపోతాయి, పేరు చూసే కదా అది ఉందంటోంది. కొత్త ఫోల్డర్ పెట్టి మొదటి నుంచీ కాపీ చేయండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు యూఎస్‌బీ పోర్టు వదిలి వెనకవైపు పోర్టులో పెట్టండి. ఫోన్ నుంచి అయితే వేల ఫైళ్ల ఫోల్డర్ ఒకేసారి లాగకుండా కొన్ని కొన్నిగా తీసుకోండి, ఫోన్ కేబుల్‌తో ఫైళ్లు పంపే ఎంటీపీ పద్ధతిలో కంప్యూటర్ ప్రతి ఫైలునూ ఫోన్‌ను అడిగి తెచ్చుకుంటుంది, పెద్ద ఫోల్డర్‌తో అది మధ్యలో చేతులెత్తేస్తుంది. అతి తక్కువ ధరకు కొన్న 1 టీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినవి మాత్రమే పాడవుతుంటే దాన్ని ఖాళీ చేసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో నింపి చూడండి. లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద సైజు చూపించే నకిలీలు ఉన్నాయి, నిజమైన చోటు అయిపోయాక రాసినవన్నీ పోతాయి, ఎర్రర్ కూడా రాదు.

ఇక కాపీ సరిగా అయిందో లేదో తేల్చేది హ్యాష్. ఫైలు మొత్తం చదివి దాని నుంచి ఒక పొడవాటి గుర్తు లెక్కగడుతుంది, ఒక్క బిట్ మారినా గుర్తు మారిపోతుంది. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అని కొట్టి ఫైలు పేరు ఇస్తే చాలు, మామూలుగా ఎస్‌హెచ్‌ఏ-256 ఇస్తుంది. ఇవన్నీ టైప్ చేయలేమంటే టెరాకాపీ, ఫాస్ట్‌కాపీ లాంటివి వాడండి, వెరిఫై టిక్ పెడితే కాపీ అయ్యాక కొత్త కాపీని మళ్లీ చదివి అసలుతో పోల్చి చెబుతాయి. సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. పెళ్లి కార్డు ఫార్మాట్ చేసే ముందు ఆ సమయం పెట్టాల్సిందే, ఫొటోగ్రాఫర్లకు మరీ గట్టిగా చెబుతున్నాను, మరుసటి రోజు ముహూర్తానికి అదే కార్డు వాడాల్సి వచ్చినా సరే.

పెళ్లి వీడియోలు హార్డ్ డిస్క్‌లో పెట్టి అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేవాళ్లు ఆ హ్యాష్‌ల జాబితాను ఒక టెక్స్ట్ ఫైలుగా అదే డిస్క్‌లో పెట్టి, ఇంకో కాపీ మెయిల్ చేయండి. డిస్క్ అక్కడికి చేరాక వాళ్లు మళ్లీ హ్యాష్ తీసి జాబితాతో పోలిస్తే ఏ ఫైలు తేడాగా ఉందో పేరుతో సహా తెలుస్తుంది, అప్పుడు మొత్తం 500 జీబీ కాకుండా ఆ ఒక్క ఫైలు ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో పంపితే సరిపోతుంది.